కొత్త బండి మొదటి ఆయిల్

హైదరాబాద్, లాడ్ బజార్ వెనక గల్లీ
జూన్ నెల

గోవర్ధన్‌కు అజ్మత్ అలీ సలాం.

మీ ఇంటికి కొత్త బండి వచ్చిందట. నువ్వు చెప్పలేదు. మా కోడలు లుబ్నా ఫోన్‌లో ఫొటో చూపిస్తే తెలిసింది. నీ బిడ్డ ప్రీతి బండి ముందు నిలబడి ఉంది. బంపరుకు పూలదండ, టైర్ల కింద నిమ్మకాయలు. పక్కన నువ్వు నవ్వుతున్నావు. పళ్ళు కట్టించుకున్నావా? నువ్వు నా క్లీనర్‌గా ఉన్న రోజుల్లో కూడా నీకు అన్ని పళ్ళు లేవు.

ఫోన్ ఎందుకు చెయ్యలేదని అడగను. చేసినా నాకు వినపడదు. ఇంజన్ పక్కన కూర్చొని కూర్చొని పోయిన చెవులు ఇవి. లుబ్నా ఫోన్ తెచ్చి చెవికి ఆనిస్తే ఈగ తిరిగినట్టు ఉంటుంది. తర్వాత ఆమె ఆ మాటలే అరిచి చెప్తుంది. గల్లీ మొత్తానికి తెలుస్తుంది, చివరికి నాకు తెలుస్తుంది. అందుకే రాస్తున్నాను. నా రాత నీకు కొత్త కాదు. తప్పులుంటే దిద్దుకొని చదువు.

అసలు సంగతికి వస్తాను. బండి రంగు బాగుంది. బాడీ బాగుంది. లోపల ఆయిల్ ఏం పోశారు? ఎవడిని అడిగి పోశారు? మన పద్ధతి మరిచిపోయావా? ఎండాకాలం చిక్కటి ఆయిల్, చలికాలం ఒక మెట్టు పలచనిది. రెండు నెలలకోసారి గేర్ ఆయిల్ చూడాలి, వెనక ఇరుసు హౌసింగ్ చూడాలి. పొద్దున బండి ముట్టించే ముందు రేడియేటర్ మూత తీసి వేలు ముంచి నీళ్ళు చూడాలి. ఇవన్నీ నువ్వే చేసేవాడివి. నేను వెనక నిలబడి తిట్టేవాడిని.

మన గాజుల సేఠ్ కొత్త లారీ తెచ్చిన సంగతి గుర్తుందా? మొదటి ఆయిల్ దించి నా చేతిలో పోశారు. బొటనవేలు, చూపుడువేలు మధ్య రుద్ది చూశాను. "సేఠ్ సాబ్, దీంట్ల ఇనుము ఉన్నది. లోపల బేరింగ్ అరుగుతున్నది" అన్నాను. సేఠ్ నవ్వాడు. "డ్రైవర్‌వా, డాక్టర్‌వా?" అన్నాడు. చిట్యాల దాటగానే ఇంజన్ పట్టేసింది. గాజుల పెట్టెల మీద తాడిపత్రి పట్టా కప్పి, వానలో రోడ్డు పక్కన కూర్చున్నాం నువ్వూ నేనూ. నాటి నుంచి ఆ సేఠ్ నా వేలు పడకుండా ఒక్క కొత్త బండికీ లోడు ఎత్తలేదు.

నీకు చెప్పేది ఒకటే. మొదటి ఆయిల్ నా చేతిలో పడేదాకా ఆ బండి లోడు ఎత్తొద్దు.

అజ్మత్ అలీ


నల్లగొండ
జూలై నెల

అజ్మత్ భాయ్‌కి, భాభీకి నమస్కారం.

ఉత్తరం అందింది. తిట్లు అందాయి. పళ్ళు కట్టించుకున్నమాట నిజమే. నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్ళకు పుట్టిన పళ్ళు ఎంతకాలం నిలుస్తాయి?

బండి నేను కొనలేదు భాయ్. ప్రీతి కొన్నది. ఇన్నేళ్ళు మండీలో ఒకరి దుకాణంలో కూర్చొని బత్తాయిలు తూకం వేసింది. రైతులకు ఆమె తూకం మీద నమ్మకం. "నువ్వే బండి పెట్టు బిడ్డా, మా కాయ నువ్వే పట్నం తీస్కపో" అన్నారు వాళ్ళు. పెద్ద బండ్ల లైసెన్సు ఎప్పుడు తీసుకున్నదో నాకే తెలియదు. ఒకరోజు పద్నాలుగు అడుగుల కొత్త బండి ఇంటి ముందు ఆగింది. కిటికీలోంచి తల బయటికి పెట్టి "నాన్నా, ఎక్కు" అన్నది. డ్రైవర్‌ను పెట్టదట. తానే తోలుతుందట.

ఊళ్ళో చిన్న చిన్న లోడ్లకు నేను పక్కన కూర్చున్నాను. ఇప్పుడు మొదటి సర్వీసు అయింది. చవితి ముందు నుంచి బత్తాయి కోత మొదలవుతుంది. ఆ రోజు నుంచి ఒంటరిగా పట్నం పక్క బాటసింగారం పండ్ల మార్కెట్‌కు పోవాలి. చవితికి బండి కదలకపోతే రైతులు మళ్ళీ పాత దళారుల దగ్గరికి పోతారు. కాయ చెట్టు మీద ఆగదు కదా. ఈ ఒక్క కోత పోతే మళ్ళీ ఆమెను నమ్మి ఎవరూ కాయ ఇవ్వరు.

నీ ఉత్తరం ఆమెకు చదివి వినిపించాను. ఇంట్లో పెద్ద లొల్లి.

"నాన్నా, పుస్తకంల ఏ ఆయిల్ రాసి ఉన్నదో గదే పోసిండ్రు. వేరేది పోయొద్దు."

"మా ఉస్తాద్ ఒప్పుకోవాలె."

"మీ ఉస్తాద్ ఎన్నడన్న ఈ బండి బానెట్ లేపి సూసిండా?"

"బానెట్ లేపుడు ఎవడన్న లేపుతడు. ఆయిల్ సూసుడు కావాలె."

"మరి నా లోడు?"

"ఉస్తాద్ మాట వచ్చినంక."

తాళంచెవి తీసి నా మొలతాడుకు కట్టుకున్నాను భాయ్. స్నానానికి పోయినా దానితోనే పోతున్నాను. నీ వేలు మంచిదంటే మంచిది, చెడ్డదంటే చెడ్డది. సర్వీసులో దించిన ఆయిల్ సీసాలో పట్టించి ఉంచాను. మా ఊరి నిఖిలేష్ లారీ మీద పట్నం వస్తున్నాడు. నయాపూల్ మీద నీకు అందిస్తాడు. చూసి రాయి.

నీ గోవర్ధన్


హైదరాబాద్
ఆగస్టు నెల

గోవర్ధన్‌కు సలాం.

సీసా అందింది. నిఖిలేష్ బండి దిగకుండా కిటికీలోంచే ఇచ్చాడు. "తాతా, ఇది తాగేది కాదు" అని అరిచాడు. "నీ పెండ్లిల పోస్త తియ్" అన్నాను. కింద మూసీ మంచి ఊపు మీద పోతున్నది. మునుపు మన బండి అక్కడి నుంచే గాజులు ఎత్తుకొని బయలుదేరేది. నువ్వు పెట్టె పెట్టెకూ మధ్య గడ్డి కుక్కేవాడివి. బెజవాడలో పెట్టెలు విప్పితే ఒక్క గాజు చిట్లి ఉండేది కాదు. సేఠ్ నన్ను మెచ్చుకునేవాడు. అది నీ గడ్డి గొప్ప అని నేను ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

ఇంటికి వచ్చి కిటికీ దగ్గర కూర్చున్నాను. గాజు గ్లాసులో కొంచెం ఒంపాను. మీ భాభీ వజీరున్నీసా చూసి "క్యాజీ, చాయ్ తాగే గ్లాసులు తప్ప ఇంకేం దొరకలేదా?" అని గోల చేసింది. నేను వినలేదు. వినపడని చెవులతో ఇదొక సుఖం.

నల్లగా ఉంది. నలుపుకు నాకు భయం లేదు. డీజిల్ బండి ఆయిల్ నల్లబడకపోతేనే భయం. కానీ పలచన! గ్లాసు వంచితే నీళ్ళ లెక్క జారిపోయింది. మన ఆయిల్ ఎట్లా ఉండేది? పుత్లీబౌలి ఆయిల్ దుకాణంలో డ్రమ్ము వంచితే తేనె తీగలా దిగేది. ఇంజన్‌లో ఇనుముకు ఇనుము తగలకుండా మధ్యలో పరుపులా ఉండేది. ఈ పలచటి నీళ్ళతో మే నెల ఎండలో, నిండు లోడు మీద, నీ బిడ్డ ఇంజన్ పట్టేస్తుంది. నా మాట రాసి పెట్టుకో.

ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. ఉన్న ఆయిల్ మొత్తం దించు. మన పాత చిక్కటిది పొయ్యి. రేడియేటర్‌లో ఏవో రంగు నీళ్ళు పోస్తారట, లుబ్నా చెప్పింది. అవి పారబోసి మంచి నీళ్ళు పొయ్యి. ఇంకొక డబ్బా ఉంటుందట, నీలం మూతది, దాంట్లో యూరియా పోస్తారట! బండి ఏమన్నా వరి మడినా? అది అసలు ముట్టొద్దు.

ఇవి చేసినంక తాళం ఇవ్వు. అప్పటిదాకా ఇవ్వకు.

అక్షరాలు వంకర పోతున్నాయి. చేతికి గుడ్డ కట్టి ఉంది. చాయ్ గిన్నె తగిలింది, అంతే. దాని గురించి అడగకు.

అజ్మత్ అలీ


నల్లగొండ
ఆగస్టు నెల, పంద్రాగస్టు దాటినంక

అజ్మత్ చాచాకు, చాచీకి ప్రీతి నమస్కారాలు.

నాన్నకు తెలియకుండా రాస్తున్నాను. మీ ఉత్తరం వచ్చిన మర్నాడే నాన్న ఎక్కడి నుంచో పాత రకం ఆయిల్ డబ్బా తెచ్చాడు. కింద పడుకొని బోల్టు విప్పబోయాడు. నేను బండి కిందికే పోయి ఆయన పక్కన పడుకున్నాను. "లే బిడ్డా" అంటాడు. "నువ్వు లే" అంటాను. చూసిన వాళ్ళు బండి మా ఇద్దరి మీద ఎక్కిందనుకొని పరుగెత్తి వచ్చారు. ఆ డబ్బా ఇప్పుడు మంచం కింద ఉంది. తాళం ఆయన నడుముకే ఉంది.

చాచా, మీరు తప్పు చెప్పారని నేను అనను. మీ బండికి అది నిజమే. ఈ బండి వేరు. దీని సైలెన్సర్ లోపల పొగను పట్టే జల్లెడ ఉంది. పాత ఆయిల్ కాలితే బూడిద మిగులుతుంది. ఆ బూడిద పోయి జల్లెడలో కూర్చుంటుంది. జల్లెడ మూసుకుంటే బండి రోడ్డు మీదే నిలబడుతుంది. అందుకని బూడిద తక్కువ వచ్చే ఆయిలే పొయ్యాలి. పలచగా కనపడినా వేడి మీద కాపాడేటట్టే చేశారు దాన్ని. నీలం మూత డబ్బాలోది చేను యూరియా కాదు. శుభ్రమైన నీళ్ళలో కలిపి కొలతతో చేసింది. పొగలో విషం విరుస్తుంది. అది అయిపోతే ముందు బండి బలం తగ్గుతుంది, తర్వాత స్టార్టే కాదు. ఇక రేడియేటర్‌లో మా ఊరి నీళ్ళా? మా పళ్ళనే తిన్న నీళ్ళు చాచా, అవి రేడియేటర్‌ను వదులుతాయా?

ఇదంతా పుస్తకంలో ఉంది. పుస్తకంలో లేనిది ఒక్కటే ఉంది. అది మిమ్మల్నే అడగాలి. ఆ ఆయిల్ రుద్దినప్పుడు వేళ్ళకు గరగర తగిలిందా, లేదా? మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పలచన అని ఉంది, నలుపు అని ఉంది. గరగర సంగతి లేదు. అది తగిలి ఉంటే చెప్పండి, నేనే బండి తీసుకెళ్ళి కంపెనీ వాళ్ళ ముందు నిలబెడతాను. తగలకపోతే ఆ ఒక్క ముక్క నాన్నకు రాయండి.

ఇంకొకటి. నాన్నకు ఆయిల్ భయం లేదు. నేను ఒంటరిగా హైవే ఎక్కుతానంటే భయం. ఆ మాట ఆయన నోటితో రాదు. అందుకే మీ వేలు అడ్డం పెట్టుకున్నాడు. కోత దగ్గరికి వచ్చింది చాచా. రైతులు రోజూ వచ్చి బండి చుట్టూ తిరిగి పోతున్నారు.

ప్రీతి


హైదరాబాద్
ఆగస్టు నెల

గోవర్ధన్,

నీ బిడ్డ నాకు ఉత్తరం రాసింది. నాకు బండి పాఠం చెప్పింది. నేను స్టీరింగ్ పట్టిన నాటికి నీ పెండ్లి కూడా కాలేదని ఆమెకు చెప్పు.

నేను ఒకసారి చెప్పాను. అజ్మత్ అలీ రెండోసారి చెప్పడు. ఇష్టముంటే చెయ్యి, లేకపోతే మానెయ్యి. ఇంకా నాకు రాయొద్దు.

అజ్మత్ అలీ


నల్లగొండ
ఆగస్టు నెలాఖరు

అజ్మత్ భాయ్‌కి,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. నీ మాట వినకపోవడం ఇదే మొదటిసారి, లెక్క రాసుకో.

ప్రీతి నీకు ఏం రాసిందో అడిగితే దాచలేదు. అంతా చెప్పింది, నా భయం సంగతి కూడా. కోపం వచ్చింది. తర్వాత నీ చివరి ఉత్తరాలు రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. బిడ్డ అడిగింది ఒక్కటే కదా భాయ్, గరగర తగిలిందా లేదా అని. నువ్వు తిట్టావు. జవాబు ఇవ్వలేదు.

నీతో అన్ని ఊళ్ళు తిరిగాను. నిన్ను ఎవరు ఏది అడిగినా తిట్టి మరీ జవాబు ఇచ్చేవాడివి. నకిరేకల్ దగ్గర ఒకసారి పోలీసు "ఎంత స్పీడుల పోతున్నవ్?" అని అడిగితే, ఆయన అనుకున్నదానికన్నా ఎక్కువే చెప్పావు. నీకు అబద్ధం చేతకాదు. తిట్టి ఊరుకోవడం కూడా చేతకాదు. ఈసారి ఎందుకు ఊరుకున్నావు?

చేతికి కట్టు అన్నావు. అడగొద్దన్నావు. అడుగుతున్నాను. ఆ చేతికి ఏమైంది?

ఇక్కడ సగం తోటలు రంగు తిరిగాయి. నిన్న ఇద్దరు రైతులు వచ్చి గడపలో కూర్చున్నారు. "బండి ఉన్నది, బిడ్డ ఉన్నది, మరి అడ్డం ఏంది?" అన్నారు. వాళ్ళకు నా నడుము చూపించలేకపోయాను.

నీ గోవర్ధన్


హైదరాబాద్
సెప్టెంబర్ మొదట్లో

గోవర్ధన్‌కు సలాం.

ఈ ఉత్తరం నువ్వే చదువు. ఎవరికీ వినిపించకు.

నా వేళ్ళు చచ్చిపోయాయి. షుగర్. ఎప్పటి నుంచో తెలియదు. పొయ్యి మీది చాయ్ గిన్నె వట్టి చేతితో దించి, అరుగు మీద పెట్టి, పెద్ద పని చేసినట్టు కూర్చున్నాను. వజీరున్నీసా పరుగెత్తి వచ్చింది. "క్యాజీ, ఏం మాడుతున్నది?" అన్నది. నా చెయ్యి. డాక్టరు పిన్నుతో ఒక్కొక్క వేలు గుచ్చి "తెలుస్తున్నదా?" అని అరిచాడు. కళ్ళు మూసుకోమన్నాడు. నాకు ఆయన గుచ్చుతున్నాడో లేదో కూడా తెలియలేదు. "తెలుస్తున్నది" అన్నాను. ఆయన అప్పటికి గుచ్చడం ఆపేసి ఉన్నాడు.

నీ సీసా వచ్చిన రోజు మూత తీసి, కట్టు బయట మిగిలిన వేళ్ళతో రుద్దాను. మళ్ళీ మళ్ళీ రుద్దాను. ఎడమ చేత్తో రుద్దాను. ఏమీ లేదు. దాంట్లో ఇసుక ఉన్నా, ఇనుము ఉన్నా, అల్లా జానే. గ్లాసులో చూసి పలచన అన్నాను. కంటికి కనపడింది అదొక్కటే కనుక అదే పట్టుకొని అంత పెద్ద ఉత్తరం రాశాను. నీ బిడ్డ అక్కడే పట్టుకున్నది. మెకానిక్ అయితే మంచి మెకానిక్ అయ్యేది.

ఆమె ఉత్తరం వచ్చినంక కోపంతో పుత్లీబౌలి పోయాను. డానియేలు దుకాణం. వాళ్ళ నాన్న దగ్గరే మనం డ్రమ్ము ఆయిల్ కొనేవాళ్ళం. ఇప్పుడు డ్రమ్ము లేదు. గోడ నిండా డబ్బాలు, మందుల దుకాణం లెక్క. మన పాత ఆయిల్ అడిగాను. నా చెవుల సంగతి తెలిసి వాడు అరిచే మాట్లాడాడు.

"ఏ బండికి తాతా?"

"కొత్తది."

"కొత్తదానికి గది వద్దు. జల్లెడ మూస్కపోతది."

"నీకెవరు చెప్పిండ్రు?"

"గీ ముక్క నన్ను అడిగే పదోవాడివి నువ్వు. పాత డ్రైవర్లందరు చిక్కటిదే కావాలంటరు. పోసుకున్నోళ్ళు మల్ల వచ్చి నన్నే తిడ్తరు."

నేను ఏమీ కొనలేదు. నడుచుకుంటూ వచ్చాను. చార్మినార్ దగ్గర ఆగి చాయ్ తాగాలనుకున్నాను. గ్లాసు ఎంత వేడిగా ఉందో తెలియదని గుర్తొచ్చి తాగలేదు.

ఇంటికి వస్తే వజీరున్నీసా పని మీద ఉంది. నీకు తెలుసు, ఆమె చిన్నప్పటి నుంచి లక్క గాజులకు రాళ్ళు అద్దుతుంది. బొగ్గుల మీద లక్క మెత్తబడ్డాక కొంచెం తీసి, రెండు వేళ్ళ మధ్య రుద్ది చూస్తుంది. దాంట్లో ఇసుక రేణువు ఉంటే రాయి నిలబడదు. ఆ రోజు ఆమె అట్లా రుద్దడం చూస్తూ గడపలోనే నిలబడిపోయాను. నేను ఆయిల్ రుద్దినన్ని ఏళ్ళూ మా ఇంట్లో ఆమె లక్క రుద్దింది. ఒక్కరోజు కూడా నా కంటికి ఆనలేదు.

సీసా తెచ్చి ముందు పెట్టాను.

"ఇది జర రుద్ది సూడు."

"ఏందిది?"

"గోవర్ధన్ బిడ్డ బండి ఆయిల్."

"ఇన్నేండ్లు మీ బట్టల ఆయిల్ మరకలు ఉతికి ఉతికి సచ్చిన. ఇప్పుడు నా చెయ్యే దాంట్ల పెట్టాల్నా?"

పెట్టింది. కళ్ళు మూసుకొని రుద్దింది. "కండ్లకు పెట్టుకునే సుర్మా లెక్క ఉన్నది" అన్నది. "మెత్తగ. ఏం తగుల్తలేదు."

"అడుగున దిగింది తీసి సూడు."

పుల్ల పెట్టి సీసా అడుగు నుంచి తీసింది. మళ్ళీ రుద్దింది. "లేదంటున్న గదా. గరగర లేదు. మీకు తెల్వలేదా?"

ఆమె నా చేతి కట్టు చూసింది. కొంగుతో తన వేళ్ళు తుడుచుకొని, అదే కొంగుతో నా వేళ్ళు కూడా తుడిచింది.

అందుకని వజీరున్నీసా మాట రాస్తున్నాను, నా మాట కాదు. ఆ ఇంజన్ బాగుంది. ఆయిల్ పుస్తకంలో రాసిందే పొయ్యండి. రంగు నీళ్ళు ఉంచండి. యూరియా డబ్బా నిండుగా ఉంచండి. మంచం కింద డబ్బా నీ గేటు బందులకు పూసుకో.

ఇక నీ సంగతి. నువ్వు నా వేలు వెనక దాక్కున్నావు. నేనూ దాని వెనకే దాక్కున్నాను. ఒక్క వేలు, అదీ చచ్చిన వేలు, ఇద్దరు ముసలోళ్ళకు ఎట్లా చాటవుతుందిరా? భయమైతే భయమని బిడ్డకు చెప్పు. మొలతాడు విప్పు.

అజ్మత్ అలీ


నల్లగొండ
సెప్టెంబర్ నెల

అజ్మత్ భాయ్‌కి, భాభీకి నమస్కారం.

నీ ఉత్తరం చదివాను. ఎవరికీ వినిపించలేదు. తర్వాత ప్రీతిని పిలిచి తాళం చేతిలో పెట్టాను. "ఉస్తాద్ ఏమన్నడు?" అని అడిగింది. "ఇంజన్ బాగున్నదంట" అన్నాను. "మరి నువ్వేమంటవు?" అన్నది. నాకు భయమవుతుందని చెప్పాను భాయ్. చెప్తే నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "నాక్కూడ అయితది నాన్నా. గందుకే మెల్లగ పోత" అన్నది.

మొన్న మొదటి లోడు ఎత్తింది. తోట దగ్గరికి నేనూ పోయాను. బండి కదిలేటప్పుడు చెయ్యి ఊరుకోక బాడీ మీద రెండు దెబ్బలు కొట్టాను, మునుపు నీకు 'పద' అని కొట్టినట్టే. ఆమెకు ఆ భాష తెలియదు కదా. బ్రేకు వేసి కిటికీలోంచి తల పెట్టి "ఏమైంది నాన్నా, ఏమన్న పడ్డదా?" అని అడిగింది. రైతులందరూ నన్ను చూసి నవ్వారు.

నీ చెయ్యి జాగ్రత్త. వేడి వస్తువులు భాభీనే దించనివ్వు. మందులు వేసుకుంటున్నావా? ఈ ప్రశ్నకైనా జవాబు రాయి.

నీ గోవర్ధన్


హైదరాబాద్, లాడ్ బజార్ వెనక గల్లీ
చవితి వెళ్ళినంక

గోవర్ధన్‌కు సలాం.

మందులు వేసుకుంటున్నాను. జవాబు ఇచ్చాను, చూసుకో.

నీ బిడ్డ బండి చూశాను. ప్రీతి లుబ్నాకు ఫోన్ చేసి, చాచాను బాటసింగారం తీసుకొని రమ్మన్నదట. నేను రానన్నాను. వజీరున్నీసా చెప్పులు తెచ్చి కాళ్ళ ముందు వేసింది. ఇంకేం చేస్తాను, బస్సు ఎక్కాను.

మార్కెట్ కొత్తది, నాకు తోవ తెలియదు. కానీ బత్తాయి వాసన తెలుసు. దాని వెంట పోతే నీ బిడ్డ దొరికింది. లోడు దించి, చెయ్యి తుడుచుకొని, ఆయిల్ చూసే పుల్ల లాగి చూస్తున్నది. గుడ్డతో తుడిచింది, మళ్ళీ ముంచింది, రెండు గీతల మధ్య ఉందో లేదో చూసింది. నువ్వు చేసినట్టే. నువ్వు నేర్పావా? నేర్పలేదంటే చూసి నేర్చుకున్నది.

నన్ను చూసి నీలం మూత డబ్బా తెచ్చింది. "చాచా, ఇది మీ చేతితోని పొయ్యుండ్రి. ఉస్తాద్ చెయ్యి పడాలె కదా" అన్నది. చుట్టూ డ్రైవర్లు చూస్తున్నారు. నాకు పొయ్యాలని ఉండింది. గోవర్ధన్, అందరి ముందు ఉస్తాద్ అనిపించుకొని ఎన్నేళ్ళయిందో నీకు తెలుసు.

"నా చెయ్యి పనిచేస్తలేదు బిడ్డా" అన్నాను. "సీసా నేను సూడలె. మీ చాచీ సూసింది. నీ బండికి ఉస్తాద్ ఆమెనే."

ఆమె డబ్బా కింద పెట్టింది. తర్వాత నా చెవి దగ్గరికి వచ్చి అరిచింది. "మరి వచ్చే సర్వీసుకు సీసా ఎవరికి పంపాలె? చాచీ పేరు మీద పంపనా?"

"ఆమె తీసుకుంటదో లేదో. బట్టలు ఖరాబైతయని తిడ్తది."

"మీరు తిట్టలేదా? తిట్టనీయుండ్రి."

డబ్బా ఇద్దరం పట్టుకొని పోశాం. నిండిందని నాకు తెలియలేదు. "చాలు చాచా" అని ఆమె అరిచింది, ఆపాను. ఒక్క చుక్క కింద పడలేదు.

పెద్ద అంబర్‌పేట దాకా దింపుతానన్నది. లుబ్నా వెనక సీటులో కూర్చున్నది. నన్ను ముందు ఎక్కించారు, ఎడమ పక్క. ఎన్ని బండ్లు తోలాను, ఆ పక్క ఒక్కసారి కూడా కూర్చోలేదు. అది నీ పక్క. అక్కడి నుంచి చూస్తే రోడ్డే వేరేగా ఉంది. ఎదురు వచ్చే బండ్లన్నీ దూరంగా పోతాయి. పక్క నుంచి చెట్లు, మనుషులు, సైకిళ్ళు దగ్గరికి వచ్చి వచ్చి తప్పుకుంటాయి. ఒక మేక అడ్డం వచ్చింది. నా కాలు గట్టిగా కిందికి తొక్కింది. ఒక బస్సు మలుపు తిరిగింది, మళ్ళీ తొక్కాను. నీ బిడ్డ చూసి నవ్వి, నాకు వినపడేటట్టు అరిచింది.

"చాచా, గాడ బ్రేకు లేదు."

గోవర్ధన్, నువ్వు ఆ సీట్లో అన్నేళ్ళు ఎట్లా కూర్చున్నావురా? నేను ఎట్లా తోలేవాడినో నాకు నిన్న తెలిసింది. నువ్వు ఒక్కసారైనా మెల్లగా పొమ్మని అనలేదు.

నీ బిడ్డ మెల్లగానే తోలుతుంది. మేక పూర్తిగా దాటేదాకా ఆగింది, హారన్ కూడా కొట్టలేదు. ఇక ఫికర్ చెయ్యకు. పడుకో.

అజ్మత్ అలీ